నేను వాళ్ళ మాదిరి కాదమ్మా

నా స్నేహితుడు తన సంగతి వాళ్ళమ్మకు చెప్పుకున్నాడు. ఆమె వాణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టలేదు. ఆ కబురు వాడు ఫోన్లో చెబుతున్నప్పుడు నేను కుట్టు మిషను ముందు కూర్చుని ఉన్నాను.

"అమ్మ శానాసేపు ఏడ్చింది రా. ఏడ్చి ఏడ్చి లేచి మొగం కడుక్కొని, అన్నం తింటావా అనింది," అన్నాడు.

నాకు సంతోషం కలిగింది. నిజంగానే కలిగింది. కానీ ఫోను పెట్టేశాక మిషను తొక్కకుండా అలాగే కూర్చుండిపోయాను. అన్నం తింటావా అని నన్ను మా అమ్మ అడిగి ఎన్నాళ్ళయిందో లెక్క కూడా పోయింది. వాడి మీద నాకున్న అసూయ ముదిరింది ఆ రోజే. ఈ రోజుకీ పోలేదు.

వాడూ నేనూ గూడూరు దగ్గర ఒకే చర్చిలో పెరిగాం. క్వయర్లో పక్కపక్కన నిలబడి పాడేవాళ్ళం. మీసాలు వచ్చే వయసులో ఒకరి గుట్టు ఒకరికి తెలిసింది. పెళ్ళిళ్ళలో మిగతా మగపిల్లలు ఆడపిల్లల వైపు చూస్తుంటే మేమిద్దరం ఎటు చూస్తున్నామో మాకే తెలుసు. మగవాళ్ళను ఇష్టపడే మగపిల్లలం అనుకున్నాం. వాడి విషయంలో అది పూర్తి నిజం. నా విషయంలో సగమే. నేను అసలు మగపిల్లవాణ్ణే కాదని నాకు లోపల తెలుసు. దానికి మాట దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక మాలాంటివాళ్ళు ఇంకొందరు దొరికారు. నెల్లూరు నుంచి ఇద్దరు, నాయుడుపేట నుంచి ఒకతను, కలిసి బతుకుతున్న ఇద్దరు ఆడవాళ్ళు. ఆ ఆడవాళ్ళలో ఒకామె స్కూలు టీచరు. ఆదివారం ప్రార్థన కాగానే బండ్లేసుకుని తూపిలిపాళెం సముద్రం ఒడ్డుకు పోయేవాళ్ళం. సరుగుడు చెట్ల నీడలో దుప్పటి పరుచుకుని, తెచ్చుకున్న బిర్యానీ తిని, ఎవరి మనసులో ఉన్నది వాళ్ళు చెప్పుకునేవాళ్ళం. నా బతుకులో నేను గట్టిగా నవ్వింది అక్కడే.

తర్వాత నేను చీర కట్టాను. మా అమ్మ అరవలేదు, తిట్టలేదు. నన్ను కాసేపు చూసి, మెల్లగా తలుపు వేసుకుంది. ఆ మెల్లగా వేసుకోవడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నా ఆపరేషన్ అప్పుడు నాకు గంజి కాచి పోసింది రైళ్ళలో చప్పట్లు కొట్టి అడుక్కునే అక్కలు. లేచి నడిచాక నిమ్మకాయల మార్కెట్టు వెనక సందులో చిన్న కొట్టు తీసుకున్నాను. జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్ వేస్తాను.

మా సముద్రం గుంపులో మార్పు కూడా అప్పుడే మొదలైంది. ఎవరూ రావద్దని అనలేదు. "ఈ ఒక్కసారికి ప్యాంటూ షర్టూ వేసుకొని రాకూడదా?" అని ఒకతను అడిగాడు. "మేము గే. మీరు వేరే. మిమ్మల్ని చూసి జనం మమ్మల్ని గూడా అదే అనుకుంటారు," అని ఇంకొకతను వివరంగా చెప్పాడు. టీచరు అయితే, "ఆడదానిగా పెరిగిన కష్టం నీకేం తెలుసులే," అంది. వీళ్ళంతా బయట లోకం తమను 'తేడా' అంటుందని ఏడ్చినవాళ్ళే. ఆ ఏడుపులకు నా భుజం ఇచ్చినదాన్నే నేను. తర్వాత తర్వాత ఆదివారం కబురు నాకు ఆలస్యంగా అందేది. అప్పటికి వాళ్ళు సముద్రం దగ్గరే ఉండేవాళ్ళు.

నా స్నేహితుడు మాత్రం నన్ను వదల్లేదు. వదల్లేదు గానీ, మునుపటిలాగే 'రా' అనేవాడు. ఏం రా, ఎట్టుండావు రా. నేను దిద్దేదాన్ని, వాడు నవ్వేసేవాడు. నా కొత్త పేరు వాడి నోట ఒక్కసారీ వినలేదు.

వాణ్ణి చూస్తే నాకు కడుపు మండేది. రొయ్యల మేత అమ్మే కంపెనీలో వాడికి ఉద్యోగం. తెల్లారి హెల్మెట్టు పెట్టుకుని చెరువుల వెంట తిరుగుతాడు. టీ అంగడి దగ్గర 'అన్నా' అంటారు, రైతులు కుర్చీ వేస్తారు. వాడిలో ఉన్నది వాడు చెబితే తప్ప లోకానికి తెలియదు. నాకు ఆ వీలు లేదు. నేను గూడూరు నుంచి నెల్లూరుకు బస్సెక్కితే, బస్సు నిండినా నా పక్క సీటు మనుబోలు దాటేదాకా ఖాళీగానే ఉంటుంది.

అయినా వాణ్ణి వాళ్ళమ్మ ముందుకు తయారుచేసి పంపింది నేనే. వాడు చెప్పుకునే ముందు, ఆ వేసవి అంతా సాయంత్రాలు వాడు కొట్టుకు వచ్చేవాడు. షట్టరు సగం దించి నేను వాళ్ళమ్మనయ్యేదాన్ని.

"ఏందిరా నువ్వు చెప్పేది? పెళ్ళొద్దా? రేపు చర్చిలో నా మొగం ఎట్టా చూపించుకోవాల?" అని నేను అరిస్తే మొదట్లో వాడు పడీ పడీ నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. ఒక రోజు నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే వాడు నిజంగానే నా కాళ్ళు పట్టుకున్నాడు.

"నేనేం తప్పు చెయ్యలేదమ్మా. దేవుడు నన్ను ఇట్నే పుట్టించినాడు. నీకు చెప్పకుండా బతకలేక చెప్తుండా," అన్నాడు.

ఆ మాటలన్నీ మేమిద్దరం కూర్చుని కూర్చుకున్నవే. నేను వాడి తల నిమిరాను. మా అమ్మ నాకు చేయాల్సింది నేను వాడికి చేస్తున్నానని అప్పుడు తోచింది. వాడు వెళ్ళాక ఆ సాయంత్రం ఒక్క జాకెట్టూ కుట్టలేకపోయాను.

వాడు చెప్పుకున్నాడు, ఆమె అన్నం పెట్టింది. కొన్నాళ్ళకు వాళ్ళమ్మే నా కొట్టుకు వచ్చింది.

క్రిస్మస్‌కు ముందు చర్చిలో చేసే సెమీ క్రిస్మస్‌కు కొత్త జాకెట్టు కావాలని వచ్చింది. చిల్లకూరు దగ్గర పల్లె వాళ్ళది. భర్త పోయాక ఒక్కతే వాణ్ణి పెంచింది. చర్చిలో స్త్రీల సమాజం ఆమె మాట మీదే నడుస్తుంది. గడప దగ్గర ఆగి నన్ను కాసేపు తేరిపార చూసింది.

"నువ్వు మావాడి పక్కన నిలబడి పాడేదానివి గదా?" అంది.

పాడేదానివి. ఎవరూ దిద్దకుండానే, తడుముకోకుండానే అంది. చిన్నప్పుడు నన్ను నిక్కరులో చూసిన మనిషి. ఆమె కొడుకుకు ఇన్నేళ్ళుగా రాని మాట.

కొలతలు తీసుకుంటానంటే చంటిపిల్లలా రెండు చేతులూ ఎత్తింది. ఆమె మెడ దగ్గర పౌడరు వాసన. మా అమ్మ కూడా అదే రాసుకునేది. టేపు చుట్టి తీస్తుంటే ఆమె తనంతట తానే మాట్లాడింది.

"మావాడి సంగతి నీకు తెలిసే ఉంటాది పాపా. చెప్పంగానే నా పై ప్రాణాలు పైనే పోయినాయి. వీడు గూడా చీర కట్టుకొని రైళ్ళల్లో తిరగతాడేమో అని భయం. నేరుగా అడిగేసినాను. 'నేను వాళ్ళ మాదిరి కాదమ్మా, దేవుని తోడు. వాళ్ళు వేరే, నేను వేరే. నేను మగోణ్ణే' అని చేతిలో చెయ్యేసి చెప్పినాడు. అప్పుడు నా గుండె కుదుటపడింది. సోత్రం ప్రభువా అనుకొని లేచి పొయ్యి ముట్టించినాను."

అంటూ అంటూ ఆమె నా మొహం చూసి నాలిక కరుచుకుంది.

"నిన్ను కాదులే. నువ్వు కష్టపడి కుట్టుకొని బతకతా ఉండావు."

"చేతులు మోచేతి దాకా పెట్టమంటారా అమ్మా?" అని అడిగాను.

ఆమె వెళ్ళాక కొట్టు తలుపు దగ్గరే నిలబడ్డాను. మేము కూర్చుకున్న మాటల్లో ఆ మాట లేదు. అది వాడు సొంతంగా కలుపుకున్నాడు. కాళ్ళు పట్టుకున్నప్పుడు కాదు, దేవుడు ఇట్నే పుట్టించినాడు అన్నప్పుడు కాదు, నన్ను అవతలికి తోసినప్పుడు ఆమె ఏడుపు ఆగింది. వాడికి దొరికిన ఆ పూట అన్నం నన్ను తక్కువ చేస్తే దొరికింది. అది తెలిశాక కూడా నాకు వాడి మీద కోపం కంటే అసూయే ఎక్కువగా ఉంది. నేను ఎవర్ని తక్కువ చేసి చెబితే మా అమ్మ తలుపు తీస్తుంది? నా కింద ఎవరున్నారు? గంజి పోసిన అక్కలను చూపించి 'వాళ్ళ మాదిరి కాదమ్మా' అనాలా? అన్నా ఆమె తీయదు, అది వేరే సంగతి.

ఆమె మాత్రం రావడం మానలేదు. జాకెట్టు బాగా కుదిరిందని ఇంకోటి తెచ్చింది. తర్వాత హుక్కులకని, ఫాల్‌కని వచ్చింది. ఒకసారి వంకాయ ఎండు రొయ్యల కూర డబ్బాలో పెట్టుకొచ్చింది. నేను కుడుతుంటే స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పేది. కబుర్లన్నీ కొడుకువీ, కొడుకు మనసిచ్చిన అబ్బాయివీ. ఆ అబ్బాయిది మనుబోలు దగ్గర పల్లె, వరి పండించే కుటుంబం, నెల్లూరు ఆసుపత్రిలో నర్సు.

"ఆ అబ్బాయి చేప తల తినడంట. ముల్లు భయమంట. నేనే ముళ్ళు తీసి పెట్టినాను," అని నవ్వుతూ చెప్పేది.

నేను దారం కొరుకుతూ తల ఊపేదాన్ని. వేరే ఇంటి నుంచి వచ్చిన వాడికి ముళ్ళు తీసి పెట్టింది. ఆమె వస్తే బాగుండుననీ ఉండేది, వచ్చి ఆ కబుర్లు చెప్పకపోతే బాగుండుననీ ఉండేది.

క్రిస్మస్ ముందు ఒక రోజు ఆమె అంది, "వచ్చే శనివారం ఆ అబ్బాయిని మళ్ళీ అన్నానికి పిలిచినాము. ఈళ్ళ ఫ్రెండ్స్ అందరూ వస్తుండారు. నువ్వూ వస్తావు గదా?"

నాకు ఎవరూ చెప్పలేదని ఆమెకు తెలియదు. వస్తానమ్మా అన్నాను.

సాయంత్రానికల్లా వాడి ఫోను.

"అమ్మ పిలిచిందంట. నువ్వేమీ అనుకోబాక రా. ఊళ్ళో అందరికీ ఆఫీసు ఫ్రెండ్స్ అని చెప్పినాము. నువ్వొస్తే తెలిసిపోతాది."

"ఏం తెలిసిపోతాది?"

"మేమెవరమో."

"మీరెవరు?"

"పోనీ ప్యాంటూ షర్టూ వేసుకొని రా. ఒక్క పూటే గదా," అన్నాడు.

"నేను వాళ్ళ మాదిరి కాదమ్మా అన్నావంట."

"ఎవరు చెప్పినారు?"

"మీ అమ్మే. నన్ను పక్కన పెట్టుకొనే చెప్పింది. ఆ మాట మనం అనుకున్నదాంట్లో లేదే?"

"ఏం చెయ్యమంటావు రా? ఆమె నేలన పడి ఏడస్తా ఉండాది. ఏదో ఒకటి చెప్పాల గదా. ఆ మాట అనంగానే లేచి కూర్చునింది. నీకు తెలీదు, అమ్మ ఏడిస్తే ఎట్టుంటాదో."

"నాకు తెలీదా?" అన్నాను. ఫోను పెట్టేశాను.

శనివారం చీర కట్టుకునే వెళ్ళాను. లేత పచ్చ కాటన్ చీర. గూడూరులో ఆటో ఎక్కి, చిల్లకూరులో దిగి, లోపలికి ఇంకో ఆటో పట్టుకున్నాను. గేటు దగ్గర వాళ్ళమ్మ ఎదురొచ్చి, "రా పాపా, రా," అంది. హాల్లో అందరూ ఉన్నారు. టీచరు, ఆమెతో ఉండే ఆమె, నెల్లూరువాళ్ళు, నాయుడుపేట అతను. మాటలు ఒక్కసారిగా ఆగి, కొంచెం తగ్గి మళ్ళీ మొదలయ్యాయి. ఎవరూ జరిగి చోటివ్వలేదు. ఆ నర్సు అబ్బాయి ఒక్కడే లేచి నమస్కారం పెట్టాడు. చూడ్డానికి బాగున్నాడు. అది కూడా నాకు గుచ్చుకుంది.

భోజనానికి ముందు ఫోటో అన్నారు. సోఫా మధ్యలో వాళ్ళమ్మను కూర్చోబెట్టి చుట్టూ చేరారు. నేను లేచి వెళ్ళబోతుంటే నెల్లూరు అతను ఫోను నా చేతిలో పెట్టాడు.

"నువ్వు తియ్యవా అక్కా? ఫేస్‌బుక్‌లో పెట్టుకుంటాము," అన్నాడు. అందులో నేను కనబడకూడదన్నది ఆ చివరి మాటలోనే ఉంది.

నా స్నేహితుడి వైపు చూశాను. వాడు చొక్కా కాలరు సర్దుకుంటున్నాడు.

ఫోను అద్దంలో అందరూ నా వైపు చూసి నవ్వుతున్నారు. మధ్యలో ఆమె, నేను కుట్టిన జాకెట్టులో. ఒక పక్క కొడుకు, ఇంకో పక్క ఆ అబ్బాయి. ఇద్దరి చేతులూ తన ఒళ్ళో పెట్టుకుని ఉంది. చెయ్యి కదిలించి చెడగొట్టాలనిపించింది. చెడగొట్టలేదు. బాగానే వచ్చింది.

"నువ్వూ రా పాపా, ఇంగోటి తియ్యండి," అంది వాళ్ళమ్మ.

"చాల్లేమ్మా. అన్నం చల్లారిపోతాది," అన్నాడు వాడు.

అందరూ పళ్ళేల ముందు కూర్చున్నారు. నేను కూడా కూర్చోబోతుంటే ఆమె వంటింట్లోంచి పిలిచింది. "ఆడపిల్లవి, ఒక చెయ్యి వెయ్యి. ఆ పులుసు గిన్నె అందుకో." టీచరూ ఆమెతో ఉండే ఆమే ఆడవాళ్ళే. వాళ్ళు పళ్ళేల ముందు అతిథుల్లా కూర్చునే ఉన్నారు. వడ్డించే ఆడది నేనొక్కదాన్నే. నాకు గర్వంగా ఉండింది, అవమానంగానూ ఉండింది. గిన్నె పట్టుకుని తిరిగాను. నా చేత్తో వాడికి పులుసు పోశాను. వాడు తలెత్తలేదు.

వాళ్ళ భోజనాలయ్యాక వాళ్ళమ్మా నేనూ వంటింట్లో పీటలేసుకుని తిన్నాం. ఆమె నా పళ్ళెంలో అడక్కుండానే చేప ముక్క వేసింది. నాకు అక్కడే బాగుంది. అయినా హాల్లోంచి వాళ్ళ నవ్వులు వినబడినప్పుడల్లా నా చెవి అటే పోయేది. ఆ నవ్వులు ఒకప్పుడు నావి కూడా.

వెళ్ళేటప్పుడు వాడు గేటు దాకా వచ్చాడు.

"పరిస్థితి అర్థం చేసుకున్నావు. థ్యాంక్స్ రా," అన్నాడు.

"ఇంకెప్పుడూ నన్ను రా అనబాక."

"ఏమనాల మరి?"

"నాకు పేరుంది," అన్నాను.

వాడు నోరు తెరిచాడు. పక్కింటామె గోడ మీద నుంచి చూస్తోంది. వాడు నోరు మూసుకున్నాడు. నేను ఆటో దాకా నడిచి వెళ్ళిపోయాను.

మా వాట్సాప్ గుంపులోంచి బయటికి వచ్చేశాను. ఎందుకు పోయావని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఎప్పుడైనా రైళ్ళ అక్కలతో సముద్రానికి పోతాను. వాళ్ళు నీళ్ళలో దిగితే ఒడ్డున ఉన్న కుటుంబాలు పిల్లల్ని వెనక్కి లాక్కుంటాయి. అక్కలు దానికీ నవ్వుతారు. వాళ్ళతో నాకు బాగుంటుంది. కానీ సరుగుడు చెట్ల కింద బండ్లు నిలిపి ఉంటే అందులో వాడి బండి ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతాను.

వాళ్ళమ్మ వస్తూనే ఉంది. ఈస్టర్ అయిపోయాక ఒక సాయంత్రం చీర తీసుకుని వచ్చి, స్టూలు మీద కూర్చుని చీర ఒళ్ళో పెట్టుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"రేత్రి మావాడు అన్నం కాడ ఏడ్చినాడు పాపా. నీ మింద ఒక మాట అనేసినాడు గదా నాతో, అది తప్పంట. అసలు నాతో ఎట్ట మాట్లాడాల్నో నేర్పించిందే ఆయమ్మి, ఆయమ్మి లేకపోతే నీకు చెప్పగలిగేవాణ్ణే కాదమ్మా అన్నాడు." ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నాకేం తెలుసు? నేను గూడా ఆ పొద్దు ఈడ కూర్చొని ఏదేదో వాగేసినాను. మనసులో పెట్టుకోబాక."

"పెట్టుకోలేదమ్మా," అన్నాను.

పెట్టుకున్నాను. ఆ పూటే ఇంకొకటి కూడా వచ్చి దాని పక్కన చేరింది. వాడు తప్పు ఒప్పుకున్నాడు, ఏడ్చాడు, అంతా వాళ్ళమ్మ దగ్గర. ఏడవడానికి వాడికి ఆ ఒళ్ళు ఉంది. నన్ను అన్న మాటకు ఓదార్పు వాడికే దొరికింది.

"నీకు ఫోన్ చేసినాడా?" అంది.

"లేదమ్మా."

"చేస్తాడులే. సిగ్గు వాడికి."

"చీర ఎప్పటికి కావాలమ్మా?"

"ఆదివారానికి."

సరేనన్నాను. ఆమె లేచి చెప్పులు వేసుకుంది. సందు మొదట్లో బండి హారన్ రెండుసార్లు మోగింది. వాడే. హెల్మెట్టు తీయలేదు, బండి దిగలేదు, ఇటు తిరిగి చూడలేదు. ఆమె వెనక ఎక్కి కూర్చుని, కొంగు సర్దుకుని, ఒక చెయ్యి వాడి భుజం మీద వేసింది. బండి నిమ్మకాయల లారీల మధ్యలోంచి మెల్లగా పోయి మార్కెట్టు మలుపు తిరిగిపోయింది. అది కనబడకుండా పోయేదాకా నేను తలుపు దగ్గరే నిలబడి, ఆ చెయ్యినే చూశాను.